ఎవరూ లేని ఇంట్లో వేడినీళ్ళు

మనుషులున్న ఇంటికి కాపలా కాయటం ఒక పని. మనుషుల్లేని ఇంట్లో మనుషులున్నట్టు లోకాన్ని నమ్మించటం ఇంకో పని. తాళాలమ్మ చేసేది రెండోది. వీధి చివరి మేడ ఆమె అధీనంలో ఉండేది. ఇంటివాళ్ళు విమానమెక్కితే తప్ప చేరలేనంత దూరంలో కాపురముండేవాళ్ళు. ఏడాదికోసారి వచ్చి, అలమర మీద వేలు పెట్టి దుమ్ము గీసి చూసి, ఆ వేలు ఆమెకే చూపించి, మళ్ళీ వెళ్ళిపోయేవాళ్ళు. మిగతా రోజుల్లో ఆ ఇంటికి ఉన్న మనిషి అలికిడంతా తాళాలమ్మదే.

పొద్దున్నే కిటికీ తెరలు తియ్యాలి. ఎవరూ కూర్చోని కుర్చీలు తుడవాలి. ఎవరూ కాలు పెట్టని స్నానాలగది కడగాలి. వాడకపోతే మోరీ వాసన పైకి తంతుంది కాబట్టి ప్రతి కొళాయీ కాసేపు తిప్పి వదలాలి. గుమ్మంలో పడ్డ పేపరు లోపలికి తెచ్చి, మడత విప్పి, చదివినట్టు బల్ల మీద పడెయ్యాలి. ఖాళీ ఫ్రిజ్జు ఆన్‌లోనే ఉండాలి. చీకటి పడగానే కింద హాల్లో, మేడమీద పడగ్గదిలో లైట్లు వెయ్యాలి, వీధి సద్దుమణిగాక తియ్యాలి. వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూసి, పాపం ఎంత పద్ధతిగల కుటుంబమో అనుకునేవాళ్ళు.

ఆ కుటుంబం నిజానికి కారు షెడ్డు వెనకున్న ఒంటిగదిలో ఉండేది. తాళాలమ్మ, ఆమె కూతురు. మొగుడు కూడా ఉన్నప్పుడు ఇద్దరూ పక్క రాష్ట్రం నుంచి ఈ ఊరొచ్చి ఈ పనిలో కుదురుకున్నారు. పిల్ల కడుపులో ఉండగానే ఆయన జ్వరమొచ్చి పోయాడు. పిల్ల ఈ ఊరి ఆసుపత్రిలోనే పుట్టింది, ఈ ఊరి బళ్ళోనే అక్షరాలు దిద్దింది. మేడ తాళాలన్నీ ఒక ఇనప రింగుకి గుచ్చి తల్లి నడుముకి కట్టుకుని తిరుగుతుంటే వీధివాళ్ళు తాళాలమ్మ అని పేరు పెట్టారు. అసలు పేరు ఏమిటో అడిగినవాడు లేడు. కూతురికి మాత్రం ఆ గలగల వినిపిస్తే అమ్మ ఏ గదిలో ఉందో తెలిసిపోయేది.

ఈ పనిలో చేరిన మొదటి వారంలోనే ఇంటాయన ఆమెకి ఒక వాక్యం నేర్పాడు. గేటు దగ్గర ఎవరు నిలబడి ఏం అడిగినా ఇదే చెప్పాలన్నాడు. "ఇంటివాళ్ళు ఇప్పుడే బయటికెళ్ళారండీ. మేమిక్కడ ఉండం, పనికొచ్చి పోతాం." ఎందుకయ్యా అంటే, ఇంట్లో వేరేవాళ్ళు ఉంటున్నారని నలుగురికీ తెలిస్తే దొంగలు కన్నేస్తారట, పైగా రేపెప్పుడైనా ఈ ఉన్నవాళ్ళే ఇల్లు మాదని కూర్చుంటే కోర్టుల చుట్టూ తిరగాలట. ఆ రెండో మాట విని తాళాలమ్మకి ప్రాణం చివుక్కుమంది. తనని దొంగల జాబితాలో వేశాడని కోపం రాకపోగా, తాను అలాంటిదాన్ని కాదని నిరూపించుకోవాలని పట్టుదల పుట్టింది. చూడండి, అణగదొక్కబడినవాడి నిజాయితీ ఇలా ఉంటుంది. ఎదుటివాడు అనుమానిస్తే వాడి మొహాన కొట్టి పోవాల్సింది పోయి, వాడు సిగ్గుపడేంత నమ్మకంగా ఉంటుంది. వాడికి సిగ్గుంటే గదా.

ఆ వాక్యాన్ని ఆమె మంత్రంలా పట్టుకుంది. జనాభా లెక్కలవాడు వస్తే చెప్పింది. ఓట్లు రాసేవాడు వస్తే చెప్పింది. ఒకసారి కూతురి క్లాసు పిల్ల గేటు దగ్గరికొచ్చి స్నేహితురాలి పేరు చెప్పి అడిగితే, ఆలోచించకుండా "ఇక్కడ మేమెవరం ఉండమమ్మా" అని పంపించేసింది. లోపల్నుంచి విన్న కూతురు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే నవ్వేసింది. "అమ్మా, నేను పోయినా వచ్చినవాళ్ళకి ఇదే చెప్తావు. ఇంటివాళ్ళు ఇప్పుడే బయటికెళ్ళారండీ అని." తాళాలమ్మ ఆ పిల్ల నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.

రెండేళ్ళ కిందట ఇంటాయన ఫోను చేసి కొత్త పని పురమాయించాడు. మేడమీద తన కొడుకు గదిలో ఇకనుంచి ఏసీ కూడా వేస్తుండాలి. పొద్దున, సాయంత్రం గీజరు వెయ్యాలి. వేసి ఊరుకోవటం కాదు, కాగిన నీళ్ళు వదిలెయ్యాలి. "వాడకపోతే మిషన్లు పాడైపోతాయి తాళాలమ్మా" అన్నాడు. నిజమే కాబోలు అనుకుంది. ఆ రోజు నుంచి ఖాళీ గదిని చల్లబెట్టేది. పొగలు కక్కే నీళ్ళు బకెట్ల కొద్దీ పట్టి మోరీలో పోసేది.

కింద ఒంటిగదిలో కూతురు కిరసనాయిలు స్టవ్వు మీద గిన్నెడు నీళ్ళు కాచుకుని, అందులో చన్నీళ్ళు కలిపి, తల తడిస్తే ఒళ్ళు తడవదన్నట్టు స్నానం చేసేది. చలికాలంలో ఒకరోజు అడిగింది. "అమ్మా, ఎలాగూ పారబోసేవేగా. ఒక బకెట్టు నాకియ్యి."

"తప్పు. అవి వాళ్ళ నీళ్ళు."

"మోరీకి పోస్తే తప్పు కాదా?"

"మోరీలో పొయ్యమన్నారు, పోస్తున్నా. నీకియ్యమనలేదు."

ఇంతకన్నా గడ్డితిన్న న్యాయం ఇంకోటుందా? కడుపున పుట్టిన పిల్లని చన్నీళ్ళకి వదిలి, వేడినీళ్ళతో మురిక్కాలవకి తలంటు పోసింది. మంచితనానికి కూడా ఒక హద్దుండాలి. అది దాటాక దాన్ని మంచితనం అనరు, ఇంకేదో అంటారు.

ఆ పిల్ల చదువులో చురుకు. పరీక్ష రాసింది, యూనివర్సిటీలో మందుల చదువు చదవటానికి సీటు తెచ్చుకుంది. ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడే అసలు తిరకాసు మొదలైంది. ఆ యూనివర్సిటీలో ఫీజులు రెండు రకాలు. ఈ రాష్ట్రంలో స్థిరంగా ఉంటున్న కుటుంబం పిల్లలైతే లోకలు, వాళ్ళకి ఒక ఫీజు. బయటినుంచి వచ్చినవాళ్ళు నాన్‌లోకలు, వాళ్ళకి నాలుగింతలు. మొదటిదైతే తాళాలమ్మ దాచుకున్నదానికి అప్పొకటి కలిపితే సరిపోతుంది. రెండోదైతే ఆ చదువు సంగతి మర్చిపోవటమే.

తల్లీకూతుళ్ళిద్దరూ యూనివర్సిటీ ఆఫీసులో కిటికీ ముందు వరసలో నిలబడ్డారు. కిటికీ వెనక గుమాస్తా పెన్ను మూతతో చెవి తిప్పుకుంటూ, దాన్ని వెలుతురుకి పెట్టి చూసుకుంటూ, అదే మూత మళ్ళీ పెన్నుకి పెట్టి రాస్తున్నాడు.

"ఎక్కడుంటారు?"

కూతురు వీధి పేరు, మేడ నంబరు చెప్పింది.

"ఇల్లు మీదేనా?"

"కాదండీ."

"అద్దెకా?"

"కాదండీ. మా అమ్మ అక్కడ పనిచేస్తుంది. వెనక గదిలో ఉంటున్నాం."

"అద్దె కట్టకుండా ఉంటే ఉన్నట్టెలా అవుతుంది? కరెంటు బిల్లు మీ పేరు మీదుందా?"

"లేదండీ."

గుమాస్తా తాళాలమ్మ గుర్తింపు కార్డు తిప్పి చూశాడు. అందులో పక్క రాష్ట్రంలో ఆమె పుట్టింటి చిరునామా ఉంది. మార్చుకోవటానికి మేడ చిరునామా వాడుకుంటామని ఎప్పుడో అడిగితే ఇంటాయన వద్దన్నాడు, ఆమె ఊరుకుంది. పిల్ల బడి కాగితాలు ముందుకు తోసింది. అతను వాటిని పైపైన చూసి వెనక్కి తోశాడు.

"ఇందులో చదివినట్టుంది. ఉన్నట్టెక్కడుంది?"

"ఉండకుండా ఎలా చదువుతానండీ?"

"రోజూ వచ్చి చదువుకుని పోయుండొచ్చుగా."

"పక్క రాష్ట్రం నుంచి రోజూ రైలెక్కి ఒకటో క్లాసుకి వచ్చానా?"

"నేననట్లేదమ్మా. రూలంటోంది." మళ్ళీ చెవిలో మూత పెట్టుకున్నాడు. "ఒక పని చెయ్యండి. ఆ చిరునామాతోనే దరఖాస్తు పెట్టండి. మా తనిఖీ ఆయన ఇంటికొచ్చి విచారిస్తాడు. ఉంటున్నారని ఆయన రాస్తే లోకలు. లేదని రాస్తే నాన్‌లోకలు. ఆయన మాటే మాట."

బయటికొచ్చాక తాళాలమ్మ మొహం విప్పారింది. "ఇంకేం కావాలే. వచ్చి చూస్తాడు. మనం కనపడతాం. ఉన్నామని రాస్తాడు." ఎంత తేలిగ్గా అనుకుందో చూడండి. చూడటానికి వచ్చేవాడు చూసే రాస్తాడని ఆమెకి నమ్మకం.

నాలుగు రోజుల్లో ఇంటాయన ఊడిపడ్డాడు, వెంట కొడుకు. చెప్పాపెట్టకుండా ఎప్పుడూ రాని మనిషి. అలమరల మీద వేలు కూడా పెట్టలేదు. ఇంట్లో మూసిపెట్టిన వాసనొస్తోందని ఇద్దరూ హోటల్లో దిగి, పగలు మాత్రం మేడకొచ్చారు. రాగానే ఇంటాయన తాళాలమ్మని మేడమీదికి పిలిచాడు.

"అబ్బాయి గది బాగా వాడినట్టుండాలి. పక్క నలిపినట్టుండాలి. వాడి చొక్కాలు నాలుగు కొక్కేలకి తగిలించు. బాత్రూంలో బ్రష్షు, తువ్వాలు పెట్టు. బల్ల మీద పుస్తకాలుండాలి. పుస్తకాలేమన్నా ఉన్నాయా ఇంట్లో?"

"ఎందుకండీ?"

"యూనివర్సిటీ నుంచి మనిషొస్తున్నాడు. అబ్బాయికి ఇక్కడ సీటు తీసుకున్నాం. లోకలు కింద." ఆయన మంచి ఉత్సాహంలో ఉన్నాడు, మాట పారుతోంది. "నీ పుణ్యమే అనుకో. రెండేళ్ళుగా కరెంటు బిల్లు చూస్తే ఎవడైనా మనిషి ఉంటున్నాడనే అంటాడు. ఏసీ, గీజరు, అన్నీ. రెండేళ్ళు వాడకం చూపించాలిట."

తాళాలమ్మకి ఆ మాట లోపలికి దిగటానికి కాస్త టైము పట్టింది. మిషన్లు పాడవకుండా కాదన్నమాట. ఎక్కడో ఉన్న పిల్లాడు ఇక్కడ స్నానం చేసినట్టు లెక్క రావటానికి తాను రెండేళ్ళు వాడి పేరున నీళ్ళు కాచి పోసింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళని విన్నాం. చెట్టే లేకుండా కాయలమ్ముకునేవాళ్ళని ఇక్కడే చూడాలి. అయినా తన పిల్ల సంగతి ముందని నోరు విప్పింది.

"అయ్యగారూ, మా అమ్మాయి కూడా దరఖాస్తు పెట్టుకుందండీ. ఆ వచ్చేటాయన మా గదికి కూడా వస్తాడు. మేమిక్కడే ఉంటున్నామని మీరొక్క మాట చెప్తే."

ఇంటాయన మొహంలో ఉత్సాహం దిగిపోయింది. "మా అడ్రసు వాడుకున్నారా? అడక్కుండా?"

"మేముండేది అదేగా అండీ."

"నువ్వు మా ఇంటి మనిషివి, కాదనను. కానీ నువ్విక్కడ ఉంటున్నావని నా నోటితో చెబితే అది రికార్డవుతుంది. రేపు ఏ తలనొప్పొస్తుందో. నీ గురించి కాదులే, రోజులు అలాంటివి." గడియారం చూసుకుని, "సరే, ఆయన్ని రానీ, చూద్దాం. మధ్యాహ్నం కార్లో వస్తాడు. ముందు ఆ పుస్తకాలు చూడు" అన్నాడు.

చూద్దాం అన్నాడు కదా, ఆ మాట కాదనే మాటకి మెత్తటి చెప్పు. తాళాలమ్మ మాత్రం ఆశపడింది. తనింత చేస్తే ఆయనా ఒక మాట సాయం చెయ్యకపోతాడా అనుకుంది. ఒంటిగదిలోకి వెళ్ళి కూతురి పుస్తకాలు దొంతరగా ఎత్తుకొచ్చి అబ్బాయి బల్ల మీద సర్దింది. పిల్ల ఆ సమయానికి కొట్టుకెళ్ళింది, ఇంట్లో లేదు.

మధ్యాహ్నం కార్లో వస్తాడన్న మనిషి పదకొండు గంటలకే స్కూటరు మీద వచ్చాడు. చెమటతో తడిసిన చొక్కా, భుజానికి వేలాడే సంచీ. గేటు దగ్గర నిలబడి సంచీలోంచి ఏదో తీస్తుంటే, తాళాలమ్మ కళ్ళకి సబ్బులో డబ్బాలో అమ్ముకునేవాడిలా కనిపించాడు. చీపురు చేత్తోనే పట్టుకుని గేటు దగ్గరికెళ్ళింది.

"ఈ ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?" అన్నాడతను.

"ఇంటివాళ్ళు ఉంటారండీ. మేమిక్కడ ఉండం, పనికొచ్చి పోతాం."

అనేసింది. ఎన్నేళ్ళనుంచో అరిగిన దారి, మాట దానంతటదే జారి బయటికొచ్చేసింది. అతను తలూపి, సంచీలోంచి తీసిన కాగితం మీద ఏదో రాసుకుని, అప్పుడు చెప్పాడు. "యూనివర్సిటీ నుంచి వచ్చానమ్మా. తనిఖీకి."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తాళాలమ్మ చీపురు కింద పడేసి గేటు కమ్మీలు పట్టుకుంది. "అయ్యా, నేను ఊరికే అన్నానండీ. మేం ఇక్కడే ఉంటాం. ఆ వెనక గది మాదే. మా అమ్మాయి పుట్టకముందు నుంచీ ఇక్కడే ఉంటున్నాం."

"ఇప్పుడేగా ఉండమన్నావు."

"ఎవరడిగినా అలా చెప్పమన్నారండీ."

"అంటే ఎవరడిగినా అబద్ధం చెప్తావా? అయితే ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని నేనెలా నమ్మాలి?"

ఈ అలికిడికి ఇంటాయన వరండాలోకి వచ్చాడు. తాళాలమ్మ వెనక్కి తిరిగి ఆయన మొహంలోకి చూసింది. ఒక్క మాట. ఆ ఒక్క మాటతో పిల్ల బతుకు అటో ఇటో అవుతుంది. ఆయన ఆమె వైపు చూడకుండా, వచ్చినాయనకి చెయ్యి అందిస్తూ అన్నాడు. "ఏంటండీ, పని మనిషి ఏమన్నా విసిగిస్తోందా? రండి లోపలికి. అబ్బాయి పైన చదువుకుంటున్నాడు."

అంతే. ఇన్నేళ్ళ నమ్మకానికి ఆయనిచ్చిన బహుమతి ఆ మాట. ఉమ్మెయ్యాలనిపిస్తోంది కదూ.

తనిఖీ ఆయన మేడమీదికి వెళ్ళాడు. నలిగిన పక్క చూశాడు. కొక్కేలకి వేలాడుతున్న చొక్కాలు చూశాడు. బాత్రూంలోకి తొంగిచూశాడు. అబ్బాయి కుర్చీలో కాళ్ళు బారజాపుకుని ఫోను చూసుకుంటున్నాడు, వచ్చినవాడి వైపు తలెత్తలేదు. బల్ల మీది పుస్తకం ఒకటి తీసి తనిఖీ ఆయన పేజీలు తిప్పాడు. అంచుల్లో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్న గుర్తులు, గీసుకున్న గీతలు.

"బాగా చదువుతాడే" అన్నాడు.

"ఇరవైనాలుగ్గంటలూ అదే పని" అన్నాడు ఇంటాయన.

సరిగ్గా అప్పుడే, కొట్టునుంచి తిరిగొచ్చిన కూతురు మెట్లెక్కి వచ్చింది. వచ్చినవాళ్ళకి కాఫీ ఇమ్మని కింద ఎవరో ఆమె చేతికి ట్రే ఇచ్చారు, ఎవరో ఏమిటి, తల్లే ఇచ్చింది. గేటు దగ్గర ఏమైందో మాత్రం చెప్పలేదు. గుమ్మంలో నిలబడ్డ పిల్ల పరాయివాడి చేతిలో తన పుస్తకం చూసింది, తన అక్షరాలకి ఎవడికో మెప్పు దక్కటం విన్నది. ట్రే బల్ల మీద పెట్టింది. తొణకలేదు. "ఆ పుస్తకాలు నావండీ" అంది.

తనిఖీ ఆయన పుస్తకం వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు, ఇంటాయన వైపు చూశాడు. తనిఖీకి వచ్చినాయన కళ్ళలో విషయం తెలిసిన జాడ కనిపించింది. ఇంకా అసహ్యం ఏమిటంటే, తెలిశాక ఆయన చేసిన పని. పుస్తకం జాగ్రత్తగా మూసి, ఉన్నచోటే పెట్టి, కాఫీ గ్లాసు అందుకున్నాడు. "మంచిది. అబ్బాయి పుస్తకాలు అడిగి తీసుకుని చదువుకుంటుందన్నమాట పాప. ఇవ్వండి సార్, పేదపిల్లలు" అన్నాడు. వెళ్ళేటప్పుడు ఇంటాయన ఆయన్ని గేటు దాకా సాగనంపాడు. గేటు దగ్గర ఇద్దరూ చేతులు కలిపి పట్టుకుని, కలపాల్సినదానికన్నా ఎక్కువసేపు ఉంచుకున్నారు.

కూతురు పుస్తకాలన్నీ చేతుల్లోకి ఎత్తుకుని కిందికొచ్చింది. తాళాలమ్మ ఒంటిగది గడప మీద కూలబడి ఉంది.

"నా గురించి ఏం రాశాడమ్మా?"

"మనమిక్కడ ఉండటం లేదని."

"ఎవరు చెప్పారట?"

తాళాలమ్మ తలెత్తలేదు. "నేనే చెప్పానే."

కోప్పడుతుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. పిల్ల పుస్తకాలు గూట్లో సర్దుకుని వచ్చి పక్కన కూర్చుంది. "నువ్వెప్పుడూ చెప్పేదేగా" అంది. అంతకన్నా రెండు చెంపలూ వాయిస్తే బాగుండేది తాళాలమ్మకి.

చీకటి పడకముందే ఇంటాయన, కొడుకు బయల్దేరారు. ఆ ఇంట్లో స్థిరంగా ఉంటున్నాడని యూనివర్సిటీ నమ్మిన కుర్రాడు అక్కడ ఒక్క పూట కూడా నిద్రపోలేదు. కారెక్కుతూ ఇంటాయన ఒక పాత బ్యాగు తాళాలమ్మ చేతిలో పెట్టాడు. జిప్పు ఊడిపోయి ఉంది, లోపల ఏదో తిండి ఒలికి అంటుకున్న మరక. "అబ్బాయిది. మీ అమ్మాయికి పుస్తకాలు పెట్టుకోటానికి పనికొస్తుంది. ఆ, గీజరు మాత్రం ఆపకు. వచ్చే ఏడాది కూడా చూస్తారట." కారు వెళ్ళిపోయింది. తాళాలమ్మ ఆ బ్యాగుని రెండు వేళ్ళతో పట్టుకుని తీసుకెళ్ళి చెత్తడబ్బాలో వేసి, కొళాయి కింద చేతులు కడుక్కుంది. చాల్లేదని మళ్ళీ కడుక్కుంది.

తర్వాత మేడమీదికి వెళ్ళి గీజరు వేసింది. నీళ్ళు కాగాక మెట్ల పైనుంచి కూతుర్ని పిలిచింది.

"రా, స్నానం చేద్దువుగాని."

పిల్ల మెట్ల కింద నిలబడి నమ్మనట్టు చూసింది. "వాళ్ళ నీళ్ళుగా?"

"నేను కాచిన నీళ్ళు. ఇన్నాళ్ళూ బుద్ధిలేక మోరీలో పోశాను. రా."

ఆ పిల్ల ఎంతసేపు స్నానం చేసిందో. తాళాలమ్మ స్వయంగా దాని తల రుద్దింది, వీపు తోమింది, చిన్నప్పుడు పోసినట్టు చెంబుతో నెత్తి మీద పోసింది. ఆవిరికి అద్దం కనపడకుండా పోయింది. ఇంటివాళ్ళ మెత్తటి తువ్వాలుతో జుట్టు తుడుస్తుంటే ఆమెకి ఏడుపొచ్చింది. ఆనందానికి కాదు. ఇంత చిన్న పని చెయ్యటానికి తనకి ఇన్నేళ్ళు పట్టిందని, తన మీద తనకే పుట్టిన రోతకి.

మర్నాడు తాళాల రింగు ఎదురింటివాళ్ళకి అప్పజెప్పి, ఇంటాయనకి ఫోను చేసి, పని మానేస్తున్నానంది. "ఇప్పుడు మానేస్తే ఎలా? అబ్బాయి సంగతేంటి?" అన్నాడాయన. ఆమె ఫోను పెట్టేసింది. ఊరి అవతలి కొసన చెమ్మ పట్టిన ఒక గది అద్దెకి తీసుకున్నారు. తాళాలమ్మ ఒక ఆసుపత్రిలో గదులు తుడవటానికి కుదిరింది, పిల్ల ఒక మందుల షాపులో చేరింది. చదవాల్సిన మందులని అమ్మటం మొదలుపెట్టింది.

అద్దె కాగితం పట్టుకుని మళ్ళీ ఆ కిటికీ దగ్గరికెళితే గుమాస్తా తిరగేసి చూశాడు. "ఆ, ఇప్పుడు పద్ధతిగా ఉంది. ఈ తేదీ నుంచి మీరు ఈ ఊళ్ళో ఉన్నట్టు లెక్క. రెండేళ్ళు ఉండి రండి. అప్పుడు పాప మళ్ళీ పరీక్ష రాసి సీటు తెచ్చుకుంటే లోకలే."

"ఇక్కడే పుట్టానండీ" అంది కూతురు.

"పుట్టటం వేరమ్మా, ఉండటం వేరు" అన్నాడు గుమాస్తా పెన్ను మూత చెవిలో తిప్పుకుంటూ. తాను వేదాంతం చెప్పానని కూడా అతనికి తెలియదు. తెలిస్తే దానికీ ఫీజు పెట్టేవాడు.

నెల తిరక్కుండానే ఒక సాయంత్రం పనినుంచి వస్తూ తాళాలమ్మ బస్సు కిటికీలోంచి ఆ వీధి వైపు చూసింది. మేడమీద పడగ్గదిలో లైటు వెలుగుతోంది. ఎవరో కొత్తవాళ్ళు కుదిరారన్నమాట. ఇంకెవరి పిల్లో కింద గిన్నెడు నీళ్ళు కాచుకుంటూ ఉంటుంది. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె అటే చూసి, మొహం తిప్పుకుంది.

ఆ ఆదివారం అద్దె గది తలుపు ఎవరో తట్టారు. తాళాలమ్మ వెళ్ళి తీసింది. చేతిలో కాగితాల దస్తాతో ఒక మనిషి, ఇల్లిల్లూ తిరిగి నివాసాలు రాసుకునేవాడు, తలెత్తకుండానే అడిగాడు.

"ఈ ఇంట్లో ఎవరుంటారమ్మా?"

"ఇంటివాళ్ళు ఇప్పుడే బయటికెళ్ళారండీ. మేమిక్కడ..."

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె నోరు మూసింది. మందుల వాసనేస్తున్న చెయ్యి. కూతురు తల్లి భుజం మీదుగా తల బయటికి పెట్టింది. "రాసుకోండి. మేమే ఉంటాం. ఇద్దరం."

"ఎప్పట్నుంచి?"

"పోయిన నెల నుంచి."

అప్పుడు తాళాలమ్మ తన నోటి మీది చేతిని నెమ్మదిగా తీసి, దాన్ని వదలకుండా తన చేతిలోనే పట్టుకుంది. "ఈ గదిలో పోయిన నెల నుంచి. ఈ ఊళ్ళో ఈ పిల్ల పుట్టకముందు నుంచి. అది కూడా రాసుకోండి."

అతను కాగితం కిందా మీదా చూశాడు. "దానికి గడి లేదమ్మా ఇందులో."

"పక్కన ఖాళీ ఉందిగా. అక్కడ రాయండి."

అతను విసుక్కుంటూ పెన్ను తీశాడు. అతను రాశాక, రాసింది ఆ పిల్ల పైకి చదివేదాకా తాళాలమ్మ గుమ్మంలోంచి కదల్లేదు.